గ్యాస్ పొయ్యి నాబ్ బిగుసుకుంటే: వినకూడని సలహాలు

బెంగళూరు వర్తూరులో పొయ్యి చెడిందని ఎవరి దగ్గరైనా నోరు జారితే చాలు, ఇంటికో వైద్యం చెబుతారు. అందులో తెలుగు వైద్యాలే ఎక్కువ. తరాలుగా ఈ చుట్టుపక్కల పాతుకున్న రెడ్ల ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. అపార్ట్‌మెంట్లలో కోస్తా నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు. గుంజూరు వైపు, బళగెరె వైపు లేస్తున్న భవనాల పక్కన రేకుల షెడ్లలో రాయలసీమ నుంచి వచ్చిన కూలీలు. వీళ్ళందరి ఇళ్ళలోనూ వంట గ్యాస్ మీదే, అందరి దగ్గరా చిట్కాలు సిద్ధమే. ప్రేమతో చెప్పే చిట్కాలు కాబట్టి కాదనడానికి నోరు రాదు. అయినా నోరు చేసుకుని కాదనాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ ఒక చోట చేర్చి, ఎందుకు వినకూడదో చెబుతాను.

ముందు నాబ్ వెనక ఏముందో చూడాలి. నాబ్ ముందుకు లాగితే చేతికొస్తుంది. వెనక కనిపించే ఇత్తడి కడ్డీ పేరు స్పిండిల్. అది లోపల వాల్వులో ఉన్న చిన్న ఇత్తడి బిరడాను తిప్పుతుంది. రిపేరు చేసేవాళ్ళు కొందరు ఆ మొత్తాన్ని కాక్ అంటారు, కొందరు వాల్వ్ అంటారు. బిరడా ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. దానికో రంధ్రం. రంధ్రం గ్యాస్ దారికి ఎదురుగా వచ్చినప్పుడు మంట, పక్కకు తిరిగినప్పుడు మూత. బిరడానూ దాని గూటినీ ఎంత నున్నగా సానబట్టినా మధ్యలో కంటికి కనబడని సందు మిగులుతుంది. ఆ సందును పూడ్చేది పల్చటి గ్రీజు పొర. వేడికి కారిపోకుండా, గ్యాస్ తగిలి కరిగిపోకుండా ఉండేలా చేసిన ప్రత్యేకమైన గ్రీజు అది. నాబ్ మెత్తగా తిరగడానికి వేశారని మనం అనుకుంటాం. అందుకూ పనికొస్తుంది గానీ దాని అసలు కొలువు గ్యాసును ఆపడం.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే తప్పుడు సలహాలు ఎక్కడ పుడుతున్నాయో తెలిసిపోతుంది. చెప్పేవాళ్ళందరూ నాబ్‌ను తలుపు గడియలా చూస్తున్నారు. గడియ తిరిగితే పని అయిపోయినట్టే. వాల్వు తిరిగినంత మాత్రాన పని అయినట్టు కాదు, అది మూసుకోవాలి.

“ఓ చుక్క కొబ్బరినూనె వెయ్యి పాపా, మెత్తగా తిరుగుతాది.”

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఏ పెద్దమ్మను అడిగినా మొదట చెప్పేది ఇదే. ఆమె చెప్పినట్టే నాబ్ తిరుగుతుంది కూడా. అందుకే ఈ సలహా ఇన్నాళ్ళు బతికింది. లోపల జరిగేది వేరు. ఎండిన గ్రీజును నూనె మెత్తబరుస్తుంది, పల్చబరుస్తుంది, కొంత కడిగేస్తుంది. నాలుగు రోజులు నాబ్ హాయిగా తిరుగుతుంది. ఆ తర్వాత పొయ్యి వేడికి నూనె జిగురై బిరడాను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. మధ్యలో ఎప్పుడో సందు తెరుచుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా తెచ్చి కొట్టమనే కుర్రాళ్ళ సలహా ఇంకా అన్యాయం. ఆ స్ప్రే పనే పాత గ్రీజును కరిగించడం, పైగా దానిలో ఉండేది మండే ద్రవం. మిషను నూనె, నెయ్యి, వ్యాసిలిన్, పేరు ఏదైనా జరిగేది ఒకటే.

అసలు నాబ్ ఎందుకు బిగుసుకుంటుంది? చాలా ఇళ్ళలో కారణం పొంగులు. పాలు, పప్పు, సాంబారు పొంగి నాబ్ కింద నుంచి స్పిండిల్ వెంట దిగుతాయి. వాటిలో ఉప్పు ఉంటుంది, పులుపు ఉంటుంది, ఇత్తడిని అవి వదిలిపెట్టవు. ఇక రోజూ వేడి తగిలి గ్రీజు దానంతటదే ఎండుతుంది. పొయ్యి మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, సోడా ఉప్పూ నిమ్మరసమూ వేసి కడగమనే చిట్కా ఒకటి ఉంది. పైరేకు మెరుస్తుంది, ఆ నీళ్ళు మాత్రం నాబుల సందుల్లోకే పోతాయి. తడిగుడ్డ పిండి తుడవడం చాలు. నాబులు తీసి తుడిచేటప్పుడు స్పిండిల్ చుట్టూ పొడిగుడ్డ తిప్పితే ఇంకా మంచిది.

“పటకారు పెట్టి తిప్పు, ఎందుకు రాదో చూద్దాం.”

బలం పెడితే మూడింటిలో ఒకటి జరుగుతుంది. నాబ్ లోపల ప్లాస్టిక్ విరుగుతుంది. అది నయం. లేదా స్పిండిల్‌కూ బిరడాకూ మధ్య పట్టు తప్పుతుంది. అప్పుడు నాబ్ ఆఫ్ గుర్తు మీదే నిలబడుతుంది, బిరడా మాత్రం సగం తెరిచే ఉంటుంది. మూడోది, వాల్వు మొత్తంగా తన చోట కదిలి, పొయ్యి ముందు భాగంలో అడ్డంగా పోయే గ్యాస్ పైపు దగ్గర వాషర్ నలుగుతుంది. అక్కడ కారే గ్యాస్ బర్నర్ దగ్గరికి రాదు, పొయ్యి డొక్కలోకి పోతుంది. కొన్ని పొయ్యిలకు నాబ్‌ను ముందు నొక్కి తర్వాత తిప్పాలి. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో అది తెలియకే చాలామంది బలం పెడతారు. నొక్కి తిప్పినా రాకపోతే వదిలేసి, రెగ్యులేటర్ కట్టేసి, మనిషిని పిలవడమే.

“అగ్గిపుల్ల గీసి చూడు, కారుతుంటే అంటుకుంటుంది.”

దీని మీద రెండు మాటలు అనవసరం. సబ్బు నీళ్ళు చాలు. గిన్నెలో నురగ కట్టేలా కలిపి, బ్రష్షుతోనో వేళ్ళతోనో నాబ్ వెనక, వాల్వు అతుకుల దగ్గర, ట్యూబు రెండు కొసల దగ్గర రాయాలి. ఊపిరి తీసినట్టు బుడగ లేచిన చోట గ్యాస్ కారుతోంది. ఇంట్లో గ్యాస్ వాసన ముందే నిండి ఉంటే ఆ పరీక్ష కూడా అప్పుడు కాదు. రెగ్యులేటర్ ఆపడం, తలుపులూ కిటికీలూ తీయడం, మనుషుల్ని బయటికి పంపడం. లైటు, ఫ్యాన్, చిమ్నీ, ఏ స్విచ్చీ ముట్టుకోకూడదు. వేసే స్విచ్చీ రవ్వ చిమ్ముతుంది, ఆపే స్విచ్చీ చిమ్ముతుంది. బయటికి వెళ్ళాక 1906కి ఫోన్ చేయాలి. వంటగ్యాస్ సిలిండర్ లీకులకు దేశమంతటికీ ఉన్న అత్యవసర నంబరు అది.

“వాసన రావట్లేదుగా, ఏం ఫర్వాలేదు” అనే ధీమా కూడా ఈ కోవలోదే. గ్యాసుకు సొంత వాసన లేదు. ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటు పదార్థాన్ని కావాలనే కలుపుతారు, మండగలిగే మోతాదులో ఐదో వంతుకు చేరేసరికే ముక్కుకు తెలిసిపోవాలన్న లెక్కతో. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరి బడి కింద వాసన లేని సహజ వాయువు పోగై పేలింది. దాదాపు 300 మంది పోయారు, వాళ్ళలో అత్యధికులు పిల్లలు. గ్యాసుకు వాసన కలపాలనే చట్టాలు ఆ ఘోరం తర్వాతే ఊపందుకున్నాయి. ఇంతా చేసి మన ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. పొద్దుటి నుంచి వంటింట్లో ఉన్నావిడకు తెలియని వాసన, అప్పుడే గుమ్మం దాటి వచ్చిన పిల్లాడికి తెలుస్తుంది. వాడు “అమ్మా, ఏదో వాసన” అంటే కసురుకోకండి.

“కిటికీ తీసి ఉందిలే, అదే పోతుంది.”

పోయేది ఏ గ్యాస్? వర్తూరులో ఈ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. ఊరి ఇళ్ళలో 14.2 కిలోల సిలిండర్. చాలా అపార్ట్‌మెంట్లలో కింద ఒక మూల సిలిండర్ల వరస పెట్టి, అక్కడి నుంచి ప్రతి ఫ్లాటుకూ పైపు వేసి మీటరు బిగిస్తారు. పైపులో వచ్చినా అది సిలిండర్లో ఉండే ఎల్‌పీజీయే. మూడోది సహజ వాయువు. దభోల్ నుంచి బెంగళూరుకు పెద్ద పైపులైను 2013లో వచ్చాక, గెయిల్ గ్యాస్ సంస్థ నగరంలో ఇళ్ళకు దాన్ని అందిస్తోంది.

ఎల్‌పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే నేలకు దిగి, బండ కింద అరలోనో సిలిండర్ పెట్టిన మూలలోనో పేరుకుంటుంది. పైన ఉన్న కిటికీ గుండా దానంతటది పోదు. తలుపు బార్లా తీయాలి, కింది అరల తలుపులు తీసి పెట్టాలి. గాలిలో రెండు శాతం దాటితే చాలు, మండుతుంది. సహజ వాయువు ప్రధానంగా మీథేన్. గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది, ఐదు శాతం దగ్గర మండే స్థాయికి వస్తుంది. కాబట్టి మీ ఇంటి పైపులో ఏముందో తెలుసుకోవడం మొదటి పని. బిల్లు మీద ఉంటుంది, లేదంటే అసోసియేషన్ వాళ్ళు చెబుతారు. పైపు గ్యాస్ అయితే అత్యవసర నంబరు కూడా ఆ సరఫరాదారుదే. దాన్ని వంటింటి తలుపు మీద రాసి అంటించండి.

బరువైన గ్యాస్ నేల మీద పాకితే ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే దేశం నుంచి చెప్పనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో కారిన ఎల్‌పీజీ నిప్పంటుకుని 50 మందికి పైగా బలైపోయారు. అక్కడిది ట్యాంకుల లెక్క. వంటింట్లో అంత గ్యాస్ ఉండదు నిజమే, కానీ లీటరు ద్రవం నుంచి సుమారు 250 లీటర్ల వాయువు వస్తుంది. ఒక చిన్న వంటగదిని ప్రమాదంలోకి నెట్టడానికి సిలిండర్ మొత్తం కారక్కర్లేదు.

“జెట్‌లో పిన్నీసు పెట్టి గుచ్చు, మంట బాగా వస్తుంది.”

ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే చెప్పినవాళ్ళ మీద కోపం రాదు. కిరోసిన్ పంపు స్టవ్ వాడిన తరం వాళ్ళది. ఆ స్టవ్‌కు పిన్ను గుచ్చడం సరైన వైద్యమే, పిన్ను స్టవ్‌తో పాటే ఇంట్లో ఉండేది. మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళు కట్టెల నుంచి, కిరోసిన్ నుంచి గ్యాసుకు మారి ఎంతో కాలం కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లిచ్చిన దీపం పథకం మొదలైందే 1999లో. పాత పొయ్యి అలవాటు కొత్త పొయ్యికి వచ్చి చేరింది.

గ్యాస్ జెట్ రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. ఎంత గ్యాస్ రావాలి, దాంతో ఎంత గాలి కలవాలి అన్నదంతా ఆ రంధ్రం కొలత మీదే నడుస్తుంది. ఇత్తడి మెత్తటి లోహం, ఉక్కు పిన్నీసు దాన్ని గీకేస్తుంది. రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువై గాలి చాలదు. మంట పసుపుపచ్చగా మారి గిన్నెల అడుగులు మసిబారతాయి. మసి కంటికి కనబడుతుంది. దాంతో పాటు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసన రాదు. మంట సన్నగా ఉంటే ముందు బర్నర్ తీసి దాని రంధ్రాలు శుభ్రం చేయండి, చాలాసార్లు అక్కడే సరిపోతుంది. సరిపోకపోతే జెట్ మార్చాలి. కొత్త జెట్‌కు అయ్యే ఖర్చు ఒక పూట కూరగాయలంత ఉండదు.

సహజ వాయువు వచ్చినప్పుడు జెట్ రంధ్రం పెద్దగా ఉండాలన్నది నిజం. ఆ సగం నిజాన్ని పట్టుకుని “మనమే డ్రిల్లు పెట్టుకుందాం” అనేవాళ్ళున్నారు. సరఫరా సంస్థ పంపిన మనిషి చేతనే ఆ మార్పు చేయించాలి. అలా మార్చిన పొయ్యిని ఇల్లు మారినప్పుడు మళ్ళీ సిలిండర్‌కు తగిలించకూడదు. వర్తూరులో ఇళ్ళు మారడం మామూలు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జెట్లు వెనక్కి మార్చకుండా ఎల్‌పీజీ ఇస్తే మంట గిన్నె దాటి లేస్తుంది.

“టెఫ్లాన్ టేపు చుట్టెయ్. లేకపోతే ఎంసీల్ ముద్ద పెట్టు.”

నీళ్ళ పైపుల పనివాళ్ళ నుంచి వచ్చిన సలహా ఇది. కారుతున్నది బిరడా సందు నుంచి అయితే బయట ఎంత ముద్ద పెట్టినా లోపలి సందు పూడదు, గ్యాస్ ఇంకో దారి చూసుకుంటుంది. జెట్ మరలకు టేపు చుడితే పీలికలు తెగి ఆ సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటాయి. బట్టల సబ్బు ముద్ద, కొవ్వొత్తి మైనం కూడా వాడేవాళ్ళున్నారు. వేడి తగలగానే అవి కరిగిపోయే చోట వాటిని నమ్ముకుని నిద్రపోతున్నారు.

“రాత్రి రెగ్యులేటర్ ఆపేస్తున్నాంగా, వాల్వు మార్చడం ఎందుకు?”

రాత్రి రెగ్యులేటర్ ఆపడం మంచి అలవాటు, మానకండి. సిలిండర్లోని ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల స్థాయికి దించి పొయ్యికి పంపేది రెగ్యులేటరే, దాన్ని ఆపితే కాపలా మొదట్లోనే పడుతుంది. కానీ పగలంతా, వంట జరిగే వేళంతా ఆ కాపలా తీసే ఉంటుంది. పక్క బర్నర్ వెలుగుతుండగా చెడిన వాల్వు నుంచి కారే గ్యాసుకు నిప్పు పక్కనే సిద్ధంగా ఉంటుంది. నాబ్ ఆఫ్ చేశాక కూడా బర్నర్ మీద నీలం చుక్కలు మినుకుతుంటే, నాబ్ వెనక నుంచి చిన్న మంట వస్తే, నాబ్ తిప్పుతుంటే మధ్యలో వాసన వస్తే ఆ పొయ్యి మీద ఆ పూట వంట ఆపేయాలి. హోటల్ నుంచి తెప్పించుకోండి.

అద్దె ఇళ్ళలో దీనికి ఇంకో రూపం ఉంది. “ఓనరుకు చెబితే అడ్వాన్సులో కోస్తాడు, ఎలాగోలా నెట్టుకురండి.” బెంగళూరులో అడ్వాన్సు భయం ఎంతటిదో తెలుసు. ఓనరుకు ఫోటోతో సహా మెసేజ్ పెట్టి, ఈలోగా మీరే చేయించేయండి. ఖర్చు ఎవరిదన్న పంచాయతీ తర్వాత చూసుకోవచ్చు.

బండలో అమర్చే పొయ్యి, అంటే హాబ్ వాడేవాళ్ళకు చెప్పే ఒక సలహా మాత్రం వింటేనే భయం వేస్తుంది. మంట ఆరిపోతే గ్యాసును తనంతట ఆపే ఏర్పాటు కొన్ని హాబుల్లో ఉంటుంది. బర్నర్ పక్కన పొట్టి మేకులా నిలబడి ఉండేది థర్మోకపుల్. మంట వేడికి అది పుట్టించే కొద్దిపాటి కరెంటు వాల్వులోని అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. మంట పోతే వేడి పోతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ ఆగుతుంది. నాబ్ వదలగానే మంట ఆరిపోతోందని ఫిర్యాదు చేస్తే, “ఆ సెన్సర్ తీయించెయ్, పీడా పోతుంది” అంటారు. గాలికి మంట ఆరినప్పుడు ఇంటిని కాచేది ఆ మేకే. దాని కొస మీద పట్టిన మసినీ జిడ్డునూ చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో తుడిస్తే తరచూ బాగవుతుంది. కాకపోతే థర్మోకపుల్‌నో, అయస్కాంతాన్నో మార్చాలి. దాన్ని తప్పించి గ్యాస్ ఇచ్చే మెకానిక్ ఎంత చవగ్గా చేసినా, అతన్ని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వకండి.

“వీడియో చూసి మనమే మార్చుకోవచ్చు, నాలుగు స్క్రూలే.”

స్క్రూలు నాలుగే. పని స్క్రూలలో లేదు. వాల్వులు చూపుకు ఒకలాగే ఉన్నా స్పిండిల్ పొడవు వేరు, మరల కొలత వేరు, సిమ్‌లో మంట ఎంత ఉండాలో నిర్ణయించే చిన్న స్క్రూ వేరు. “ఏదైనా ఒకటే” అని అంగట్లో అంటే నమ్మవద్దు. పొయ్యి మోడల్‌కు సరిపోయే వాల్వే కావాలి, పాతది చేతిలో పెట్టుకుని పోల్చాలి. పొయ్యి మీద ఐఎస్ 4246 ముద్ర ఉంటే అది గృహ ఎల్‌పీజీ పొయ్యిల భారతీయ ప్రమాణం. ఆ ముద్ర అసలు భాగాలతో పరీక్షకు నిలిచిన పొయ్యికి వేసినది. చేతికొచ్చిన వాల్వు బిగించాక దాని మాట చెల్లదు.

కాబట్టి గ్యాస్ పని రోజూ చేసే మనిషి చేత చేయించండి, పక్కన నిలబడి చూడండి. పొయ్యి కంపెనీ సర్వీసు వాళ్ళనో, మీ గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌నో మీరే ఫోన్ చేసి పిలవండి. “తనిఖీకి వచ్చాం” అంటూ పిలవకుండా తలుపు తట్టి ట్యూబులు అమ్మేవాళ్ళను ఏజెన్సీకి ఫోన్ చేసి కనుక్కునేదాకా లోపలికి రానివ్వకండి. వచ్చినవాడు ముందు రెగ్యులేటర్ ఆపి, ట్యూబులో మిగిలిన గ్యాసును ఒక బర్నర్ మీద మండించి ఖాళీ చేస్తాడు. తర్వాత రెగ్యులేటర్ తీసి సిలిండర్ మూతికి దారంతో వేలాడే ప్లాస్టిక్ టోపీ తొడుగుతాడు. ఆ టోపీని కత్తిరించి పారేయమనేది ఇంకో చెడ్డ సలహా. పొయ్యి చల్లారాక తిరగేసి, జెట్ విప్పి, వాల్వును పైపు నుంచి వేరు చేస్తాడు. కొత్త వాల్వుకు కొత్త వాషరే వేయాలి. పాత వాషర్ తుడిచి పెడుతుంటే అక్కడే ఆపండి. బిగించాక జెట్ కొస బర్నర్ గొట్టానికి నేరుగా గురిపెట్టి ఉండాలి. ఆ తర్వాత గ్యాస్ ఇచ్చి, నాబులన్నీ ఆఫ్‌లో ఉంచి, ప్రతి అతుకుకూ సబ్బు నీళ్ళు. అతను తొందరపడితే గిన్నె మీరే తెచ్చి ఇవ్వండి. చివరగా మంట నీలంగా ఉందా, సిమ్‌లో పెట్టి తలుపు తీసినా ఆరకుండా నిలుస్తోందా చూడాలి. అదే చేతితో ట్యూబు తేదీ కూడా చూసి, ఐదేళ్ళు దాటితే మార్పించేయండి. ఐఎస్ 9573 అని అచ్చు ఉన్నదే వేయించాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే సలహా పొయ్యి మార్చేవాళ్ళకు చెప్పేది. “కొత్తది కొనేశారుగా, పాతది పనావిడకు ఇచ్చేయండి.” ఇచ్చేవాళ్ళకు దానం చేసిన తృప్తి, తీసుకున్నావిడకు ఒక ఖర్చు తప్పిన సంతోషం. కానీ ఏ వాల్వు కారుతోందని మనం భయపడి మార్చామో, అదే వాల్వుతో పొయ్యి వెళ్ళేది ఇంతకన్నా ఇరుకింటికి. వంటా పడకా ఒకే గదిలో, రేకుల కప్పు కింద, ఐదు కిలోల సిలిండర్ మంచం పక్కన పెట్టుకునే ఇంటికి. నేలకు దిగిన గ్యాస్ బయటికి పోవడానికి అక్కడ వాకిలి తప్ప దారి లేదు. రాత్రి పిల్లలు పడుకునేది ఆ నేల మీదే. మన ఫ్లాటులో ప్రమాదం అనుకున్నది అక్కడ దానం ఎలా అవుతుంది?

ఇవ్వాలనుకుంటే పొయ్యిని ముందు రిపేరు అంగడికి పంపండి. వాల్వులన్నీ మార్పించి, కొత్త ట్యూబు కొని, సబ్బు నీళ్ళ పరీక్ష చేయించి ఇవ్వండి. ఆమె ఇంట్లో బిగించడానికి మెకానిక్ కూలీ కూడా మీరే ఇవ్వండి. అంత చేయలేకపోతే ఎవరికీ ఇవ్వకండి. వాల్వులూ జెట్లూ ఊడదీయించి, మళ్ళీ ఎవరూ గ్యాస్ తగిలించడానికి వీల్లేకుండా చేసి, మిగిలిన రేకూ ఇనుమూ గుజరీ అంగడికి వేసేయండి.